నూనె రాసుకున్న రోజు పోల్ ఎక్కరాదు

నా ఇంటి పైగదిలో అద్దెకు దిగేవారు ఎవరైనా సరే, సామాను లోపలికి తెచ్చేముందు ఒక కాగితం చదివి సంతకం చేయాలి. చెత్తడబ్బా ఏ రోజు వీధిలో పెట్టాలి, వంటగదిలో ఏ ప్రెస్ ఎవరిది, వేడినీళ్ళు ఎప్పటిదాకా, అతిథులు ఎంతవరకు, అన్నీ అందులో ఉంటాయి. అలమారను ఇక్కడ ఐర్లండ్‌లో అందరూ ప్రెస్ అంటారు. నాకూ ఆ మాటే నోటికి పట్టింది. ఆడమ్స్‌టౌన్‌లోని మన తెలుగువాళ్ళు ఆ కాగితం గురించి చెప్పుకుని నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక మందుల కర్మాగారంలో ప్రతి యంత్రాన్నీ ఎలా నడపాలో, ఎలా కడగాలో, పొరపాటు జరిగితే ఎవరికి ఎలా తెలియజేయాలో రాసిపెట్టడమే నా పని. రాయనిది జరగనట్టే అన్నది అక్కడ మా మొదటి పాఠం. రిటైరైన రోజున గుర్తింపు కార్డు వాళ్ళకు అప్పగించాను గాని, ఆ పాఠాన్ని అప్పగించలేదు.

ఆ కాగితాన్ని పూర్తిగా చదివి, తన షరతులు కూడా చెప్పిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కతే. ముప్పై దాటిన యువతి, గుంటూరు వైపు మనిషి. పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చి, ఆ పెళ్ళి ముగిశాక ఇక్కడే ఉండిపోయింది.

“నావీ రెండు మాటలున్నాయి ఆంటీ,” అంది. “శుక్ర, శనివారాలు నేను తెల్లారగట్ల వస్తాను. టాక్సీ మన ఇంటి ముందు ఆగదు, స్టేషన్ దగ్గర దిగి నడిచొస్తాను. ఎవరైనా వచ్చి నేనిక్కడ ఉంటున్నానా అని అడిగితే, లేనని చెప్పాలి.”

“ఏం పనమ్మా అది?”

“డబ్లిన్‌లో ఒక స్ట్రిప్ క్లబ్బులో డాన్సర్‌ని. అర్థమైందా, ఇంకా వివరంగా చెప్పాలా?”

“అర్థమైంది. జీతం చీటీ ఇస్తరా?” అద్దెకు దిగేవారందరినీ అడిగే ప్రశ్నే అది.

“ఇవ్వరాంటీ. మేం వాళ్ళ ఉద్యోగులం కాదంట. మా అంతట మేం వ్యాపారం చేసుకుంటున్నట్టు లెక్క.”

“మరి లేటుగ పోతే?”

“జరిమానా. స్టేజి మీద చూయింగ్ గమ్ నమిలినా జరిమానా. చెప్పకుండా శుక్రవారం మానేస్తే ఇక ఆ తర్వాత శుక్రవారాలే ఇవ్వరు.”

ఆనాడు నాకు వచ్చిన కోపం ఆ అమ్మాయి మీద కాదు. ఉద్యోగి అని ఒప్పుకోరు. దండించవలసి వచ్చినప్పుడు మాత్రం ఉద్యోగే. హక్కులు అడిగితే వ్యాపారి, ఆలస్యమైతే కూలి. ఇంతటి అన్యాయాన్ని ఒక్క కాగితం ముక్కయినా లేకుండా నడుపుకొస్తున్నవారిని ఏమనాలి? గది ఆమెకే ఇచ్చాను.

ఆదివారాలు మధ్యాహ్నం దాటాక ఆమె నిద్ర లేచేది. వంటగదిలో టీ తాగుతూ తన పని గురించి చెప్పేది. నేను అడిగేదాన్ని, తర్వాత రాసిపెట్టుకునేదాన్ని. ఆ పనిలో మర్యాదేముంటుందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. నేను చూసిన ఆఫీసుల్లో అంత మర్యాద పాటించిన ఆఫీసు లేదని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

క్లబ్బులో ఎవరూ అసలు పేరు చెప్పరు. తోటి డాన్సర్ అసలు పేరు తెలిసినా అది నోటివెంట రానివ్వరు. ఎక్కడ ఉంటావని కస్టమర్ అడిగితే మెయ్‌నూత్ అనరు, లూకన్ అనరు, అసలు దిక్కు కూడా చెప్పరు. “దూరం” అని నవ్వి ఊరుకుంటారు. ఒక డాన్సర్ కూర్చున్న టేబుల్ దగ్గరికి ఇంకొకరు పిలవకుండా వెళ్ళరు. అందరూ ఒక ధరకు ఆడుతున్నప్పుడు తగ్గించి ఆడటం కన్నా నీచమైన పని లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ పాట ఎవరిదో ముందు కనుక్కుని, ఆ తర్వాతే తమ పాట ఎంచుకోవాలి. బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ బోర్లా పెట్టి ఉంచాలి, ఎందుకంటే వెనక ఎవరో ఒకరు అద్దంలో పడతారు. కళ్ళెదుట పోయని గ్లాసు ముట్టరు. ఒకసారి పక్కకు వెళ్ళి వస్తే తమ గ్లాసునే ముట్టరు.

“వద్దు అని చెప్పడానికీ పద్ధతుంది ఆంటీ,” అని ఒకసారి చెప్పింది. “మొదటిసారి నవ్వుతూ. రెండోసారి నవ్వకుండా. మూడోసారి అతనికి చెప్పం, తలుపు దగ్గరున్న మనిషికి చెబుతాం.”

“మంచిగున్నది. మా ఫ్యాక్టరీల మేనేజర్లకు నేర్పాల్సింది.”

“కస్టమర్లలో కొంతమంది ఏడుస్తారు తెలుసా. భార్య వెళ్ళిపోయిందనో, కొడుకు మాట్లాడట్లేదనో. వింటాం. సలహా మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే మళ్ళీ వచ్చి, నీ మాట విని ఇలా అయ్యాను అంటారు.”

వీటన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. వేదిక మధ్య నిలువునా ఉండే ఉక్కు కడ్డీని వాళ్ళు పోల్ అంటారు. దాన్ని పట్టుకుని పైకెక్కి, తొడల పట్టుతో తలకిందులుగా వేలాడతారు. పని ఉన్న రోజు ఒంటికి నూనె గాని, క్రీము గాని, మెరుపు పొడి గాని రాసుకోరాదు. రాసుకున్నవాళ్ళు జారి పడకపోవచ్చు. వాళ్ళ చర్మం మీది జిడ్డు ఉక్కుకు అంటుకుని, తర్వాత ఎక్కినవాళ్ళు పడతారు. ఆ కారణంగానే ప్రతివాళ్ళూ ఎక్కేముందూ దిగిన తర్వాతా స్పిరిట్‌తో పోల్ తుడుస్తారు. తుడిచినా పోని జిడ్డు ఉంటుంది. ఒంటికి నూనె ఉందని తెలిసి దాచి ఎక్కినవాళ్ళ పక్కన మరి ఎవరూ నిలబడరు. ఇది విని ఆ అమ్మాయి మీద నాకు గౌరవం పెరిగింది. తన తర్వాత వచ్చే మనిషి ఎముకల గురించి ఆలోచించే పనులు లోకంలో ఎన్ని ఉన్నాయి?

ఆ వేసవిలో మా అక్క కరీంనగర్ నుంచి వచ్చింది, కొన్ని నెలలు నా దగ్గర ఉండటానికి. పైగదిలో ఎవరని అడిగితే, “డాన్స్ చేస్తది” అన్నాను. అది అబద్ధం కాదు. అక్క దాన్ని తనకు నచ్చినట్టు అర్థం చేసుకుంది.

“పిల్లలకు నాట్యం నేర్పుతదా?”

“ఆమెనే అడుగు.”

“అడిగిన. నవ్వింది. రాత్రంత ఎవరికి నేర్పుతది చెల్లె, దయ్యాలకా?”

“ఈ దేశంల మనుషులకు రాత్రే తీరిక.”

అక్క అంతటితో వదిలింది గాని, ఆ అమ్మాయిని వదల్లేదు. అన్నం తిన్నదా లేదా, జుట్టు ఎందుకు ఎండిన గడ్డిలా ఉంది, చలిదేశంలో మోకాళ్ళు అట్లా కమిలిపోతాయా అని రోజూ ఒక ఆరా. నాకు పని చెప్పినట్టే ఆమెకూ చెప్పేది. ఆమె కాదనకుండా చేసేది.

ఆ అమ్మాయి పుట్టినరోజు ఒక శుక్రవారం వచ్చింది. నేను లేచి కిందికి వచ్చేసరికే అక్క గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, నలుగుపిండి కలిపి, వంటగదిలో పీట వేసుకుని కూర్చుంది. ఆ నూనె సీసాను చీరల మధ్య చుట్టి ఊరినుంచి తెచ్చిన మనిషి.

“రా బిడ్డా, కూసో. పుట్టినరోజు తలంటు లేకుండనా?”

ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇవాళ వద్దండి పెద్దమ్మగారూ. పనుంది.”

“పనుంటే ఏంది? నూనె రాసుకుంటే కాళ్ళు పనిచెయ్యవా?”

“ఆదివారం పెట్టండి, ప్లీజ్.”

“పుట్టినరోజు ఆదివారందాక ఆగుతదా? మీ అమ్మ పెట్టేది కాదా?”

“పెట్టేదండి. పెట్టి చాలా ఏళ్ళయింది.”

నేను కల్పించుకుని ఏదో ఒక సాకు చెప్పబోయాను. ఆ అమ్మాయి నావైపు చూసి వద్దన్నట్టు తలూపింది. వెళ్ళి పీట ముందు నేలమీద కూర్చుని, జడ విప్పింది. అక్క మాడుకు నూనె అద్ది, చేతులకు, వీపుకు, మోకాళ్ళకు, అరికాళ్ళకు, తన పిల్లలకు రాసినట్టే రాసింది. కమిలిన చోట నెమ్మదిగా రాసింది. అమ్మాయి కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత నలుగుపిండితో, షాంపూతో ఎంత రుద్దుకున్నా నువ్వుల నూనె సంగతి మనకు తెలిసిందే. చర్మంలోకి దిగి, చెమట పట్టినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది.

శనివారం పొద్దున నేను దిగివచ్చేసరికి ఆమె వంటగదిలో కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది. ఆ వేళ ఎప్పుడూ నిద్రలో ఉండే మనిషి.

“నన్ను తీసేశారు ఆంటీ,” అంది.

జరిగింది వరుసగా చెప్పించుకున్నాను. క్లబ్బుకు వెళ్ళగానే, బట్టలు మార్చుకునే గదిలో అందరికీ వినబడేలా, తన ఒంటికి నూనె ఉందని చెప్పింది. మేనేజరుకూ చెప్పింది: ఈ రాత్రి నేలమీద ఆడతాను, పోల్ ముట్టను. అతను తుడుచుకుని ఎక్కమన్నాడు. పెద్ద గుంపు వచ్చింది, పెళ్ళికొడుకును వెంటబెట్టుకుని పెళ్ళికి ముందు పార్టీకి వచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళకు పోల్ కావాలి. ఆమె ఎక్కనంది. అతను రెండుసార్లు చెప్పి, మూడోసారి, అయితే ఇంటికి వెళ్ళు, మళ్ళీ రావద్దు అన్నాడు.

“ఇంకో క్లబ్బు లేదా?” అని అడిగాను.

“ఉంది. అక్కడ మొదట అడిగేది, ఇక్కడ ఎందుకు మానేశావనే. నూనె అన్న మాట ఒక్కటే వాళ్ళ చెవిన పడుతుంది. ఎక్కానా, ఎక్కలేదా ఎవరూ అడగరు. నూనె పిల్ల అని పేరు పడితే నా పక్కన ఎవరూ ఆడరాంటీ. పని పోవడం ఒకెత్తు. పేరు పోతే ఇక ఎక్కడా పని లేదు.”

అప్పుడే అక్క లోపలికి వచ్చింది. “ఏమైంది, గట్ల కూసున్నరు ఇద్దరు?”

నేను మాట వెతుక్కుంటూ ఉండగానే ఆ అమ్మాయి చెప్పేసింది. “నేను నేర్పేది కాదండి పెద్దమ్మగారూ. క్లబ్బులో ఆడతాను. మగవాళ్ళ ముందు, బట్టలు తీసి. అక్కడ ఒంటికి నూనె ఉండకూడదు. ఉందని చెప్పాను. తీసేశారు.”

అక్క స్టవ్ దగ్గరికి వెళ్ళి, మరగని పాలకింద మంట ఆర్పింది.

“చలి పెట్టదా?” అని అటు తిరిగే అడిగింది.

“లోపల హీటర్లుంటాయండి.”

“ఈ పని నాకు నచ్చలే. నచ్చలేదని చెప్పిన, ఇగ మళ్ళ చెప్ప.” తిరిగి కుర్చీ లాక్కుని కూర్చుంది. “గాని ఇది చెప్పు. చెప్పకుండ ఎక్కుంటే ఏమయ్యేది?”

“నా తర్వాత ఎక్కే అమ్మాయి పడేది.”

“నీ కొలువు?”

“ఉండేది.”

“అయితే వాడు తీసేసింది నూనె రాసుకున్నందుకు కాదు. నోరు తెరిచినందుకు.” అక్క నావైపు తిరిగింది. “ఏందే చెల్లె, రాస్త రాస్త అంటవు. రాయవేంది?”

అక్క చెప్పకపోయినా నేను రాసేదాన్నే. ఎందుకంటే ఆ కర్మాగారంలో నేను నా పై అధికారులతో ఎంత పోట్లాడానో, అంతా ఈ ఒక్క విషయం మీదనే. పొరపాటు జరిగిందని తనంతట తాను వచ్చి చెప్పినవాడిని శిక్షిస్తే, ఆ రోజు నుంచి పొరపాట్లు ఆగవు, చెప్పడం ఆగుతుంది. మందుబిళ్ళ మింగినవాడు పడిపోయాకే మనకు తెలుస్తుంది. అక్కడ చదువుకున్నవారికి ఇది నేర్పడానికి నాకు సంవత్సరాలు పట్టింది. ఇక్కడ ఒక క్లబ్బు మేనేజరుకు తెలియదంటే ఆశ్చర్యం లేదు. తెలిసి కూడా గుంపు కోసం వదిలేశాడంటేనే నా ఒళ్ళు మండింది.

ఇంగ్లీషులో ఒక పేజీ రాశాను. తిట్లు లేవు. ఏం జరిగింది, ఎవరు ఎప్పుడు ఏం చెప్పారు, ఎక్కి ఉంటే ఏం జరిగి ఉండేది, ఇలా. చివర ఒక నియమం ప్రతిపాదించాను: ఒంటికి జిడ్డు ఉందని పనికి ముందే చెప్పినవారు ఆ రోజు నేలమీద ఆడతారు, వారికి శిక్ష ఉండదు. కింద మేనేజరు సంతకానికి చోటు వదిలాను.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆ పేజీ తీసుకుని బయలుదేరుతుంటే, అక్క చీర మీద స్వెట్టరు, కాళ్ళకు సాక్సులు, బూట్లు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది.

“నూనె పెట్టింది నేను. నేనే చెప్త.”

“ఇంటివాళ్ళు లోపలికి రాకూడదండి పెద్దమ్మగారూ. అది మా రూలు. ఎవరి అమ్మ, ఎవరి మొగుడు ఎవరో అక్కడ తెలియకూడదు.”

“నేను మీ అమ్మనా? ఎవలనో ముసలిదాన్ని.”

“మీరు లోపల మాట్లాడటం మొదలుపెడితే, అమ్మ కాదంటే ఎవరు నమ్ముతారు?”

అక్క బయట నిలబడతానని ఒప్పుకుంది. ముగ్గురం రైలెక్కి డబ్లిన్ వెళ్ళాం. క్లబ్బుకు ఎదురుగా ఒక టీ దుకాణంలో కిటికీ పక్కన ఇద్దరం కూర్చున్నాం. పగటి వెలుతురులో ఆ క్లబ్బు మూసేసిన ఫర్నిచర్ దుకాణంలా ఉంది. మెట్ల మీద ఒక మనిషి గొట్టంతో నీళ్ళు కొట్టి కడుగుతున్నాడు. మా అమ్మాయి వెళ్ళేసరికి ఇంకో అమ్మాయి ఆమె కోసం అక్కడ ఎదురుచూస్తూ ఉంది. పొడుగ్గా, ఎర్రజుట్టుతో, ఇక్కడి పిల్లే. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు.

“ఆ పిల్లెవరు?”

“శుక్రవారం ఈమె తర్వాత ఎక్కాల్సిన పిల్ల అయి ఉంటది.”

“అయితే మంచి సాక్షి,” అంది అక్క. టీ తాగలేదు. చల్లారిన కప్పును రెండు చేతులతో పట్టుకుని మెట్లవైపే చూస్తూ కూర్చుంది. “సీసా మొత్తం రాసిన చెల్లె,” అంది ఒకసారి.

వాళ్ళు బయటికి వచ్చాక, నాలుగో కుర్చీ లాక్కుని ఎర్రజుట్టు అమ్మాయి కూడా మా దగ్గరే కూర్చుంది. జరిగింది మా అమ్మాయి చెప్పింది. మేనేజరు కాగితం చదివి, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, అప్పుడు ఈ గొడవే ఉండేది కాదు కదా అన్నాడట. అప్పుడు ఎర్రజుట్టు అమ్మాయి, నీకు గొడవ ఉండేది కాదు, నాకు మెడ ఉండేది కాదు అందట. ఇంకా చెప్పిందట: ఆమెను తీసేస్తే రేపటినుంచి ఒక్కరూ నీకు చెప్పరు, మేమూ చెప్పం, అప్పుడు ఎవరు ఎప్పుడు పడతారో నువ్వే లెక్క చూసుకో. మిగతా డాన్సర్లూ అదే మాట ఫోన్లో పంపారని తెరచి చూపించిందట. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, సరే, శుక్రవారం రా, గ్రాండ్ అన్నాడట. ఇక్కడ సరే అనడానికీ, బాగుంది అనడానికీ, అన్నిటికీ గ్రాండే.

“సంతకం?” అన్నాను.

“చెయ్యలేదాంటీ. సంతకం చేస్తే మేం తన ఉద్యోగులమని ఒప్పుకున్నట్టవుతుందంట.”

“రా అన్నడు కద,” అంది అక్క. “మాట ఇచ్చిండు.”

“మాటలతోనే కద అక్కా ఇన్నేళ్ళు నడిపించింది.”

“నీకు పెళ్ళి కూడ కాగితం మీదనే కావాల్నేమో,” అంది అక్క. ఆ మాట ఇంగ్లీషులో చెప్పమని ఎర్రజుట్టు అమ్మాయి అడిగితే, మా అమ్మాయి చెప్పింది. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒక మనిషి పనిని, పేరును ఒక్క రాత్రిలో తుడిచిపెట్టగలిగినవాడు, దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క గీత గీయడానికి జంకడం నాకు అప్పుడూ సహించలేదు, ఇప్పుడూ సహించదు.

ఆ శుక్రవారం ఆమె పనికి వెళ్ళింది. ఎవరూ నూనె పిల్ల అనలేదు. సంతకం లేని ఆ పేజీని వాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో, ప్రెస్ తలుపు లోపలివైపు అంటించుకున్నారని ఆదివారం టీ దగ్గర చెప్పింది. మేనేజరు చూశాడట, చింపలేదట. అది ఒప్పుకోవడం కాదు, చింపకపోవడం మాత్రమే అన్నాను.

అక్క ఊరికి వెళ్ళిపోయాక, శరదృతువులో, ఒక ఆదివారం ఆమె ఇంకో సంగతి చెప్పింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక డాన్సర్, చలికి చర్మం పగిలి దురద పెడుతుంటే డాక్టరు ఇచ్చిన క్రీము రాసుకుని, క్లబ్బుకు వచ్చీ రాగానే ఆ సంగతి అందరిముందూ చెప్పిందట. ఆ రాత్రి నేలమీదే ఆడిందట. మేనేజరు వచ్చి, ప్రెస్ తలుపు వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడట.

“జరిమానా?”

“లేదాంటీ.”

వరుస ప్రకారం ఆ క్రీము రాసుకున్న అమ్మాయి తర్వాత పోల్ ఎక్కాల్సింది ఎవరని అడిగాను. ఇలాంటి వివరం లేకుండా ఏ సంఘటననూ రాసి ముగించే అలవాటు నాకు లేదు.

“నేనే,” అంది.